జబ్బు అమ్మది, లక్షణాలు బిడ్డవి: మాయ దాటి వచ్చే యాంటీబాడీల సంగతి

అమ్మకు లూపస్ ఉంటే బిడ్డకూ వస్తుందా, అమ్మకు గ్రేవ్స్ థైరాయిడ్ ఉంటే పుట్టేవాళ్లకూ ఉంటుందా అని చాలామంది అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నలో రెండు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయకపోతే అక్కర్లేని భయం మిగిలిపోతుంది, తీసుకోవాల్సిన జాగ్రత్త తప్పిపోతుంది. మొదటిది వంశపారంపర్యం సంగతి: బిడ్డ పెరిగి పెద్దయ్యాక, ఇరవై ఏళ్లకో ముప్ఫై ఏళ్లకో, అదే రకం జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువగా ఉంటుందా అన్నది. కొంచెం ఎక్కువే, కానీ చాలామందికి రాదు. రెండోది ఇప్పటి సంగతి: అమ్మ రక్తంలో తిరుగుతున్న యాంటీబాడీలు (క్రిముల మీదకు పోవాల్సినవి, ఈ జబ్బుల్లో సొంత ఒంటి మీదకే తిరిగిన ప్రోటీన్లు) కడుపులో ఉన్న బిడ్డ రక్తంలోకి చేరి, పుట్టకముందో పుట్టిన కొద్ది రోజులకో దాన్ని ఇబ్బంది పెడతాయా అన్నది. నేను ఇక్కడ మాట్లాడేది ఈ రెండోదాని గురించే, ఎందుకంటే దీనికి ముందే కనిపెట్టే పరీక్షలున్నాయి, చేయగలిగిన పనులున్నాయి, అయినా అమ్మ పాత ఫైలు పిల్లల డాక్టరు దాకా చేరక తప్పిపోయేదీ ఇదే.

అసలు యాంటీబాడీలు బిడ్డలోకి ఎలా వెళతాయి? మామూలుగా మాయ, అంటే కడుపులో బిడ్డను అమ్మతో కలిపే ప్లాసెంటా, చాలా వాటిని అడ్డుకుంటుంది, అమ్మ రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ అంత తేలిగ్గా దాటలేవు. కానీ ఐజీజీ అనే రకం యాంటీబాడీల కోసం మాయ పైపొరలో ప్రత్యేకంగా ఒక గ్రాహకం ఉంటుంది, దాని పేరు ఎఫ్‌సీఆర్‌ఎన్. అది ఐజీజీని పట్టుకుని, కణం లోపలినుంచి దాటించి, అవతల బిడ్డ రక్తంలో వదిలిపెడుతుంది. ఇది దాదాపు 13వ వారంలో మొదలై నెలలు నిండేకొద్దీ జోరందుకుంటుంది, చివరి మూడు నెలల్లో అయితే చాలా ఎక్కువ. అందుకే నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఐజీజీ అమ్మలో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఐజీఎం రకానికి ఈ దారి లేదు, అది దాటదు.

ఈ ఏర్పాటు బిడ్డ మేలు కోసమే. గర్భిణులకు టీడీ ఇంజెక్షన్ ఇచ్చేది అమ్మ కోసం ఎంతో, పుట్టబోయే బిడ్డకు ధనుర్వాతం రాకుండా అంతే. అమ్మలో తయారైన యాంటీబాడీ మాయ దాటి వెళ్లి బిడ్డను కాపాడుతుంది. మన దగ్గర తట్టు టీకాను పుట్టగానే కాకుండా 9 నెలలు నిండాక వేయడానికి ఒక ముఖ్య కారణమూ ఇదే, అమ్మ ఇచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉంటే టీకాలోని బలహీన వైరస్‌ను అవే అణచేస్తాయి, టీకా పట్టదు. ఇబ్బంది ఎక్కడంటే, మాయలోని ఆ గ్రాహకం యాంటీబాడీ తోకను మాత్రమే పట్టుకుంటుంది, దాని రెండో కొన ధనుర్వాతం విషం మీదకు పోతుందా, థైరాయిడ్ మీదకు పోతుందా అని చూడదు. తట్టు మీది యాంటీబాడీని ఎంత శ్రద్ధగా దాటిస్తుందో, అమ్మ సొంత శరీరం మీదకే తిరిగిన యాంటీబాడీనీ అంతే శ్రద్ధగా దాటిస్తుంది.

రక్తంలోని యాంటీబాడీ ఒక్కటే, జబ్బు మొత్తం లేకుండా, ఇంకో మనిషిని జబ్బుపాలు చేయగలదా అన్న అనుమానం ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు, ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ అనే జబ్బున్న ఒక పేషెంట్ రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు అడుగంటాయి, ఒంటి మీద రక్తపు చుక్కలు లేచాయి, కొద్ది రోజులకు అవే మళ్లీ పెరిగాయి. అలాంటి ప్రయోగం ఇవాళ ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా. కానీ ఐటీపీ ఉన్న తల్లికి ప్లేట్‌లెట్లు తగ్గిన బిడ్డ పుట్టడం ప్రకృతి చేసే అదే ప్రయోగం. అందులో ఊరట కూడా ఉంది: ఎక్కించిన యాంటీబాడీ ఖర్చయిపోగానే జబ్బు పోయింది. బిడ్డలోనూ అంతే. ఐజీజీ సగం తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది, ఆరు నుంచి తొమ్మిది నెలలు వచ్చేసరికి అమ్మవి ఇక మిగలనట్టే. ఆ యాంటీబాడీని తయారుచేసే కణాలు బిడ్డలో లేవు కాబట్టి అయిపోయినవి అయిపోయినట్టే. దీర్ఘకాలం జబ్బు అనే మాట వినగానే ఇంట్లో అందరూ కుంగిపోతారు గానీ, వీటిలో చాలావరకు వారాల్లోనో నెలల్లోనో పూర్తిగా తగ్గిపోయేవే. ఒక్క గుండె సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

ముందు థైరాయిడ్. మన ఇళ్లలో ఆడవాళ్లకు థైరాయిడ్ అంటే ఎక్కువమందికి ఉన్నది తక్కువగా పనిచేసే రకం, అందులో కనిపించే టీపీఓ యాంటీబాడీలు మాయ దాటినా బిడ్డ థైరాయిడ్‌ను సాధారణంగా ఏమీ చేయవు. వాళ్లు ఈ వ్యాసం చదివి టెన్షన్ పడొద్దు, మాత్ర సరిగ్గా వేసుకుంటే చాలు. నేను చెప్పేది గ్రేవ్స్ జబ్బు గురించి, థైరాయిడ్ విపరీతంగా పనిచేసే రకం. దీనిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) గ్రాహకానికి అతుక్కుని థైరాయిడ్‌ను అదేపనిగా పరుగెత్తించే యాంటీబాడీ ఉంటుంది, దాన్ని కొలిచే పరీక్షను ట్రాబ్ అంటారు. గ్రేవ్స్ ఉన్న తల్లులకు పుట్టే ప్రతి 100 మందిలో 1 నుంచి 5 మంది బిడ్డలకు ఈ ఇబ్బంది వస్తుంది.

ఇక్కడ ఎక్కువగా తప్పిపోయే సందర్భం ఒకటుంది. గ్రేవ్స్‌కు ఎప్పుడో థైరాయిడ్ ఆపరేషన్ చేసి తీసేశారు, లేదా రేడియో అయోడిన్ ఇచ్చి మాడ్చేశారు. ఆ తర్వాత ఆమెకు థైరాయిడ్ లేదు కాబట్టి రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకుంటుంది, టీఎస్‌హెచ్ నార్మల్, బరువు నార్మల్, కాన్పు డాక్టరు అడిగితే తనకు హైపోథైరాయిడ్ అనే చెబుతుంది, అది అబద్ధమూ కాదు. కానీ తీసేసింది గ్రంథిని, యాంటీబాడీని కాదు. రేడియో అయోడిన్ తర్వాతైతే ఆ యాంటీబాడీ కొంతకాలం పెరుగుతుంది కూడా. అమ్మలో దానికి పని చెప్పడానికి గ్రంథి లేదు, బిడ్డలో ఉంది. గర్భం సగంలోకి వచ్చేసరికి బిడ్డ థైరాయిడ్ ఆ యాంటీబాడీకి స్పందించడం మొదలుపెడుతుంది. అమ్మ రిపోర్టు ఎంత శుభ్రంగా ఉన్నా బిడ్డ గుండె నిమిషానికి 160 దాటి, 170 దాటి కొట్టుకోవచ్చు. అందుకే గ్రేవ్స్ ఒకప్పుడు ఉండి ఆపరేషనో అయోడినో అయినవాళ్లకు గర్భం మొదట్లోనే ట్రాబ్ చూడాలి, ఎక్కువుంటే 18 నుంచి 22 వారాల మధ్య మళ్లీ చూడాలి, నార్మల్ గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే బిడ్డను స్కాన్లతో దగ్గరగా గమనించాలి అని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

ఇప్పటికీ కార్బిమజోల్ లాంటి మందు వాడుతున్న తల్లి విషయంలో ఇంకో చిక్కు. ఆ మందు కూడా మాయ దాటుతుంది, కడుపులో ఉన్నంతకాలం బిడ్డ థైరాయిడ్‌ను అదే అదుపులో పెడుతుంది. పుట్టాక బొడ్డుతాడు కోశారు, మందు ఆగిపోయింది, కొద్ది రోజుల్లో బిడ్డ ఒంట్లోంచి పోయింది. యాంటీబాడీ మాత్రం వారాలపాటు ఉంటుంది. ఫలితం ఏంటంటే, మూడో రోజు అన్నీ బాగున్నాయని డిశ్చార్జ్ చేసిన బిడ్డకు వారం పది రోజులకు జబ్బు బయటపడుతుంది. అప్పుడు బిడ్డ ఎలా ఉంటుందంటే, నిద్రపోదు, ఒకటే ఏడుపు, ఎంత తాగినా ఇంకా ఆకలే, అయినా బరువు పెరగదు, విరేచనాలు, చెమటలు, గుండె దడదడలాడుతుంది, కళ్లు పెద్దవి చేసి చూస్తున్నట్టుంటుంది. ఇంట్లో అందరూ పాలు చాలట్లేదు అంటారు. బాలింతను ఇంకా తినమంటారు, లేదా డబ్బా పాలు మొదలుపెడతారు. ఆ ఇంట్లో ఒక్కరికైనా అమ్మకు గ్రేవ్స్ ఉందన్న సంగతీ, దానికీ దీనికీ సంబంధం ఉందన్న సంగతీ తెలిస్తే చాలు, ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, మందుతో అదుపులోకి వస్తుంది, కొన్ని వారాల నుంచి నెలల్లో ఆ మందు కూడా ఆపేస్తారు. వదిలేస్తే మాత్రం గుండె అలసిపోయేంత ప్రమాదం.

ఇక గుండె. లూపస్, షోగ్రెన్ (కళ్లు, నోరు పొడిబారే జబ్బు) లాంటి జబ్బులున్న చాలామందిలో యాంటీ రో, యాంటీ లా అనే యాంటీబాడీలు ఉంటాయి, రిపోర్టు మీద ఎస్ఎస్ఏ, ఎస్ఎస్‌బీ అని కనిపిస్తాయి. వీటి గురి కణం లోపల ఉండే ప్రోటీన్లు. మామూలుగా లోపల ఉన్నదాన్ని యాంటీబాడీ తాకలేదు. కానీ పిండం గుండె తయారవుతున్నప్పుడు కొన్ని కణాలు సహజంగానే చనిపోతూ ఉంటాయి, అప్పుడు లోపలి ప్రోటీన్లు పైపొర మీదకు వస్తాయి, యాంటీబాడీ అక్కడ అతుక్కుంటుంది, వాపు మొదలవుతుంది, మానాక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ ఎక్కడ పడుతుందంటే గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు అందించే ఏవీ నోడ్ అనే చిన్న ముడి దగ్గర. పై గదులు మామూలుగా కొట్టుకుంటూనే ఉంటాయి, కింది గదులకు ఆ సంకేతం అందదు, అవి సొంతంగా నిమిషానికి 50, 60, 70 సార్లు కొట్టుకుంటాయి. కడుపులో బిడ్డ గుండె మామూలుగా 110 నుంచి 160 మధ్య ఉండాలి. దీన్ని పుట్టుకతో వచ్చే హార్ట్ బ్లాక్ అంటారు. పూర్తి బ్లాక్ అయిపోతే వెనక్కి రాదు. యాంటీబాడీలన్నీ కొన్ని నెలల్లో పోతాయి, మచ్చ పోదు.

అంకెలు చూసి బెంబేలు పడకండి, కానీ తెలుసుకోండి. యాంటీ రో ఉన్న తల్లుల్లో 100 గర్భాలకు సుమారు 2 మాత్రమే ఇలా అవుతాయి. అంటే 98 మందికి గుండెకు ఏమీ కాదు. కానీ ఒక బిడ్డకు ఇలా అయ్యాక మళ్లీ గర్భం వస్తే ఆ అవకాశం 100కి 16 నుంచి 18 దాకా పెరుగుతుంది. హార్ట్ బ్లాక్ వచ్చిన బిడ్డల్లో దాదాపు ఐదారుగురికి ఒకరు దక్కరు, బతికినవాళ్లలో ఎక్కువమందికి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. అవే యాంటీబాడీలు అమ్మ గుండెను సాధారణంగా ఏమీ చేయవు. కవలల్లో ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవడమూ ఉంది. కాబట్టి యాంటీబాడీ ఒక్కటే మొత్తం కథ కాదు, బిడ్డలో ఇంకేదో కూడా తోడవుతోంది.

ప్రమాదమంతా ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్యే. మన దగ్గర టిఫా స్కాన్ చేయించేది కూడా సరిగ్గా ఈ వారాల్లోనే, సీమంతానికి ఇంకా ముందే. అయితే టిఫాలో ఒక్కరోజు గుండె బాగుందంటే అయిపోయినట్టు కాదు, ఎందుకంటే ఈ బ్లాక్ ఒక్కోసారి రోజు తిరగకుండానే నార్మల్ నుంచి పూర్తి స్థాయికి వెళుతుంది. అందుకే యాంటీ రో ఉన్నవాళ్లకు 16, 18 వారాల నుంచి 26 దాకా మళ్లీమళ్లీ ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండె స్కాన్, తీయిస్తారు. ఎంత తరచుగా తీయాలన్న దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. బ్లాక్ వచ్చాక డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే ఎంత ఉపయోగం అన్న వాదనా తెగలేదు. ఆ మందునే ఎంచుకోవడానికి కారణం మాత్రం ఉంది: తల్లులు మామూలుగా వాడే ప్రెడ్నిసలోన్‌ను మాయే చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది, బిడ్డ దాకా రానివ్వదు, డెక్సామెథసోన్ దాటుతుంది.

గట్టిగా చెప్పగలిగింది హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి. ఇంతకుముందు బిడ్డకు హార్ట్ బ్లాక్ వచ్చిన తల్లులకు తర్వాతి గర్భంలో, 10 వారాల లోపే ఈ మాత్ర మొదలుపెట్టి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది, మళ్లీ రావడం 18 శాతం ఉంటుందనుకున్నచోట 7.4 శాతానికి తగ్గింది. ఇది లూపస్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి వాడే మాత్రే. గర్భం అని తెలియగానే ఇంట్లోవాళ్లు అన్ని మాత్రలూ ఆపేయమంటారు, ఆ పిల్ల ఆ మాట వింటుంది. దయచేసి అలా చేయకండి. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ లాంటివి గర్భం అనుకోకముందే ఆపాల్సినవి నిజమే, కానీ హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో కొనసాగించాల్సిన మందు. ఏది ఉంచాలి, ఏది ఆపాలి అన్నది రుమటాలజిస్టు (లూపస్, కీళ్ల జబ్బుల డాక్టరు) చెప్పాలి.

ఇవే రో యాంటీబాడీలు చర్మం మీద చూపించే పని గుండెతో పోలిస్తే చాలా చిన్నది గానీ, ఇంటింటా పొరబడేది. పుట్టిన కొద్ది వారాలకు బిడ్డ ముఖం మీద, ముఖ్యంగా కళ్ల చుట్టూ, తల మీద, ఎర్రటి గుండ్రటి మచ్చలు లేస్తాయి, అంచు కాస్త ఉబ్బి మధ్యలో పలచబడి ఉంటుంది. చూడ్డానికి అచ్చం తామరలా ఉంటుంది, తామర ఆయింట్‌మెంటే రాస్తారు. ఈ మచ్చలను ఎండ రేపుతుంది. మన దగ్గర పసిబిడ్డకు కాస్త పచ్చగా కనిపించగానే పొద్దున పూట లేత ఎండలో పడుకోబెట్టడం అలవాటు, ఆస్పత్రిలో అయితే కామెర్లకు లైట్ కింద పెడతారు. ఈ యాంటీబాడీ ఉన్న బిడ్డకు ఆ రెండూ మచ్చలు తెప్పించవచ్చు. కామెర్లకు లైట్ అవసరమైతే పెట్టాల్సిందే, దానికి భయపడి మానకూడదు, కానీ తర్వాత మచ్చలు వస్తే ఎందుకొచ్చాయో డాక్టరుకు తట్టాలి. మచ్చలు ఆరేడు నెలలకు వాటంతటవే పోతాయి. తట్టాల్సింది ఎందుకంటే, ఆ మచ్చల వల్లే ఆ తల్లికి యాంటీ రో ఉందని మొదటిసారి బయటపడవచ్చు, బిడ్డకు ఒకసారి ఈసీజీ తీయాలని అప్పుడే తెలుస్తుంది.

మిగతావి క్లుప్తంగా. మయస్తీనియా (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) ఉన్న తల్లుల బిడ్డల్లో 100కి 10 నుంచి 20 మందికి పుట్టిన గంటల్లోనో మొదటి మూడు రోజుల్లోనో కండరాలు బలహీనపడతాయి: ఏడుపు సన్నగా ఉంటుంది, చీకడం చేతకాదు, పాలు నోటి పక్కనుంచి కారిపోతాయి, ఊపిరి కష్టమవుతుంది. అమ్మ జబ్బు ఎంత తక్కువగా ఉందన్నదాన్ని బట్టి బిడ్డ సంగతి చెప్పలేం, కాబట్టి ఆ తల్లిని తొందరగా డిశ్చార్జ్ చేయమని పట్టుబట్టొద్దు. వారాల్లో తగ్గిపోతుంది. ఐటీపీ విషయానికొస్తే, డెంగీ వల్ల మనకు ప్లేట్‌లెట్ల లెక్క తెలియనివాళ్లు లేరు, కానీ ఇక్కడ అమ్మ లెక్క చూసి బిడ్డ లెక్క చెప్పలేం, ప్లేట్‌లెట్లు పడిపోకుండా ప్లీహం తీయించుకుని లెక్క మామూలైన తల్లిలో కూడా యాంటీబాడీ ఉండొచ్చు. పుట్టినప్పుడు బాగున్న బిడ్డ ప్లేట్‌లెట్లు రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య అడుక్కి వెళతాయి, అందుకే బొడ్డుతాడు రక్తంలో చూసి ఊరుకోకుండా తర్వాత మళ్లీ చూస్తారు. మెదడులో రక్తస్రావం లాంటి పెద్ద ప్రమాదం చాలా అరుదు.

అమ్మది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు వచ్చే ఆర్‌హెచ్ సమస్యను కూడా చాలామంది దీనిలో కలిపేస్తారు. దారి ఒకటే, మాయ దాటడం. కానీ అక్కడ అమ్మకు ఏ జబ్బూ లేదు, నాన్న నుంచి బిడ్డకు వచ్చిన పరాయి రకం రక్తకణం మీద అమ్మ యాంటీబాడీ తయారుచేస్తుంది. నేను చెబుతున్నవి అమ్మ సొంత ఒంటి మీదే తిరగబడినవి.

నన్ను నిజంగా బాధపెట్టేది వైద్యం లేకపోవడం కాదు, కాగితం చేరకపోవడం. మనలో చాలామందికి తొలికాన్పు పుట్టింట్లో. అమ్మాయి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రుమటాలజిస్టు దగ్గర ఏళ్లుగా చూపించుకుంటుంది, ఏడో నెలకో తొమ్మిదో నెలకో అమ్మానాన్న వచ్చి ఊరికి తీసుకెళ్తారు, కాన్పు అక్కడి ఆస్పత్రిలో, బిడ్డను చూసేది ఇంకో పిల్లల డాక్టరు. ముగ్గురు డాక్టర్లు, ముగ్గురూ మంచివాళ్లే, ఒకరి రాత ఇంకొకరు చూడలేదు. మదర్ కార్డు మీద బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ ఉంటాయి, యాంటీ రో ఉందని ఎవరో ఒకరు చేత్తో రాస్తే తప్ప ఉండదు. ఇంకో అడ్డంకి, చెప్పడానికి ఇష్టం లేకపోవడం. పెళ్లికి ముందు జబ్బు సంగతి అత్తింటివాళ్లకు చెప్పని ఇళ్లున్నాయి, గర్భిణిగా అత్తగారి పక్కన కూర్చుని డాక్టరు అడిగినప్పుడు ఆ పిల్ల ఏం చెబుతుంది? కాన్పు డాక్టర్లు ఈ ప్రశ్న ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ఆమె కూడా పుట్టింటికి బయల్దేరే ముందు తన జబ్బు పేరు, యాంటీబాడీ రిపోర్టు, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద డాక్టరు చేత రాయించుకుని, దాని కాపీని కాన్పు డాక్టరుకే కాకుండా పిల్లల డాక్టరుకూ ఇవ్వాలి. గ్రేవ్స్‌కు ఆపరేషన్ ఎప్పుడో అయిపోయినా సరే రాయించుకోవాలి.

పాల సంగతి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది విన్న ఇంట్లో మొదట వచ్చే మాట అమ్మ పాలు ఆపేయమనే. ఆపక్కర్లేదు. అమ్మ పాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ, అది బిడ్డ పేగుల్లోనే ఉండి పనిచేస్తుంది, పాలలో కొద్దిగా ఉండే ఐజీజీ మనుషుల బిడ్డల్లో రక్తంలోకి చెప్పుకోదగ్గంతగా చేరదు. దాటాల్సినవన్నీ కడుపులో ఉన్నప్పుడే దాటేశాయి. పాలివ్వొచ్చా లేదా అన్నది తల్లి వాడే మందును బట్టి తేలాలి, హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రెడ్నిసలోన్ మామూలు డోసుల్లో అడ్డు కావు.

ఆ దారినే కాసేపు మూసేయగలమా అన్న ఆలోచన కూడా ఇప్పుడు నడుస్తోంది. ఎఫ్‌సీఆర్‌ఎన్‌ను అడ్డుకునే మందులు పెద్దవాళ్ల మయస్తీనియాకు ఇప్పటికే వాడుకలోకి వచ్చాయి. వాటిలో నిపోకాలిమాబ్ అనేదాన్ని, రక్తం గ్రూపు పొసగక బిడ్డకు తీవ్ర రక్తహీనత వచ్చే ప్రమాదమున్న 13 మంది గర్భిణులకు ఇచ్చి చూస్తే, 7 గురికి కడుపులో బిడ్డకు రక్తం ఎక్కించాల్సిన అవసరం లేకుండానే 32 వారాలు దాటి బిడ్డలు పుట్టారని 2024లో ప్రచురించారు. చిన్న అధ్యయనమే, ఆటోఇమ్యూన్ (సొంత ఒంటి మీదే తిరగబడే) జబ్బు కూడా కాదు, కానీ దారి ఒకటే కాబట్టి ఆశ పెట్టుకోదగ్గదే. దాటకూడనివి ఆగితే దాటాల్సినవీ తగ్గుతాయి కదా అన్నది దీని మీద ఉన్న పెద్ద ప్రశ్న.

చివరిగా తల్లి గురించి. బిడ్డకు హార్ట్ బ్లాక్ వచ్చాకో, ముఖం మీద మచ్చలు వచ్చాకో తనకు యాంటీ రో ఉందని మొదటిసారి తెలుసుకునే తల్లులు తక్కువేం కాదు, వాళ్లలో చాలామందికి అప్పటికి ఒంట్లో ఏ బాధా ఉండదు. ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ తిరుగుతుంటారు, నీ రక్తంలోనే ఏదో ఉందట అన్న మాట ఆమె మీద పడుతుంది. ఆమె చేసిన తప్పు ఏమీ లేదు, తినకూడనిది తినీ రాలేదు, గ్రహణంలో బయటికెళ్లీ రాలేదు. కానీ తర్వాతి ఏళ్లలో ఇలాంటి తల్లుల్లో కొందరికి షోగ్రెన్, లూపస్ లక్షణాలు మొదలవుతాయి: కళ్లు పొడిబారి ఇసుక పడ్డట్టుండటం, నీళ్లు లేకుండా ముద్ద మింగలేకపోవడం, పొద్దున్నే కీళ్లు పట్టేయడం. కాబట్టి బిడ్డను గుండె డాక్టరుకు చూపించే రోజుల్లోనే ఆమెనూ ఒకసారి రుమటాలజిస్టుకు చూపించాలి, ఇంకో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే వెళ్లి మాట్లాడాలి, ఎందుకంటే హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టాల్సింది 10వ వారం లోపే.